చేతులు మారే చేప.. గంపలో మిగిలే నష్టం

పెదకూరపాడు: ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు చేపల గంప చుట్టూ జనం మూగుతారు. తూకం వేసే మనిషికి తల ఎత్తే తీరిక ఉండదు. పన్నెండు దాటేసరికి ఆమే దారిన పోయేవారిని పిలవడం మొదలుపెడుతుంది. మూడు గంటల వేళకు అడుగున మిగిలిన రెండు మూడు కిలోలకు ధర అంటూ ఉండదు. ఎవరెంతంటే అంతకు ఇచ్చి గంప దులుపుకోవలసిందే. పల్నాడులో ఏ ఊరి కూడలిలోనైనా, ఏ సంతలోనైనా చేపల బేరం నడక ఇదే.

చెరువుల్లో ఎన్ని టన్నుల దిగుబడి వచ్చింది, జలాశయాల్లో ఎన్ని లక్షల చేపపిల్లలను వదిలారు అన్న లెక్కలు ఏటా వెలువడుతూనే ఉన్నాయి. నీటి నుంచి బయటపడిన చేప వంటగిన్నెకు చేరేలోగా ఏమవుతున్నదన్న లెక్క మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ఈ వ్యాపారంలో లాభనష్టాలు తేలేది అక్కడే. టోకు వర్తకుడు కమీషన్ తీసుకొని తప్పుకుంటాడు. లారీ యజమానికి కిరాయి ముడుతుంది. పాడైపోయే సరుకును ఆఖరి గంట వరకు ఎదురుగా పెట్టుకొని కూర్చునేది మాత్రం ఈ గొలుసులో అందరికన్నా తక్కువ పెట్టుబడి ఉన్న చిల్లర విక్రేత. ఈ పనిలో ఉన్నవారిలో పెద్ద సంఖ్యలో మహిళలే.

తీరం లేని జిల్లా

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాకు సముద్ర తీరం లేదు. ఉమ్మడి గుంటూరు జిల్లాలో భాగంగా ఉన్న నిజాంపట్నం, సూర్యలంక పునర్విభజనలో బాపట్ల జిల్లాకు వెళ్లాయి. పల్నాడుకు ఉన్న పెద్ద నీటి ఆదరువు ఉత్తరాన ప్రవహించే కృష్ణానది. మాచర్ల వైపు నాగార్జునసాగర్, దాని దిగువన సత్రశాల వద్ద టెయిల్‌పాండ్, ఇంకా కిందికి వస్తే పులిచింతల. పెదకూరపాడు ఊరిని ఆనుకొని నది లేకపోయినా, ఇదే పేరుగల శాసనసభ నియోజకవర్గంలోని బెల్లంకొండ, అచ్చంపేట, అమరావతి మండలాలు నదీతీర మండలాలే. 45.77 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన పులిచింతల ప్రాజెక్టును 2013 డిసెంబరు 7న ప్రారంభించారు. ఆ జలాశయం నిండినప్పుడు వజ్రాల గనులకు పేరుపడిన పాత కొల్లూరు మునకలోకి వెళ్లింది. కోహినూరు దొరికిన చోటని చెప్పుకునే నేల మీద ఇప్పుడు బొచ్చెలు, శీలావతులు తిరుగుతున్నాయి.

ఇంత నీరు చేరువలో ఉన్నా ఆ చేప అంతా పెదకూరపాడు గంపల్లోకి వస్తుందనుకుంటే పొరపాటు. పులిచింతలను కట్టింది కృష్ణా డెల్టా ఖరీఫ్ సాగు కోసం. నీటిమట్టం పెరగడం, తగ్గడం డెల్టా అవసరాలను బట్టి సాగుతుందే తప్ప చేపల వేటను బట్టి కాదు. 2021 ఆగస్టు 5న ప్రాజెక్టు 16వ నంబరు గేటు కొట్టుకుపోయినప్పుడు, మరమ్మతు కోసం జలాశయంలోని నీటిని భారీగా దిగువకు వదలవలసి వచ్చింది. నీటితోపాటు చేప కూడా దిగువకు పోతుందని వేరే చెప్పనక్కరలేదు. చేపలు గుడ్లు పెట్టే జూలై, ఆగస్టు నెలల్లో నదులు, జలాశయాల్లో వేటపై ఆంక్షలు ఉంటాయి. మిగిలిన నెలల్లోనూ మత్స్యకారుడి చేయి పూర్తిగా స్వతంత్రం కాదు. వల, పడవ కొనుక్కోవడానికి వర్తకుడి దగ్గర ముందుగా సొమ్ము తీసుకోవడం, పట్టిన చేపను అతడు చెప్పిన ధరకే అతడికే అప్పగించడం జలాశయాల్లో ఏనాటి నుంచో వస్తున్న ఆనవాయితీ. విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి వలస వచ్చి సాగర్, శ్రీశైలం ఒడ్డున గుడిసెలు వేసుకున్న కుటుంబాలకూ ఈ బంధం తప్పలేదు. పెద్ద చేప పెద్ద మార్కెట్‌ను వెతుక్కుంటుంది. విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో మంచి ధర పలికే సరుకును వర్తకుడు పల్లె సంతకు పంపడు.

అందువల్ల చిల్లర విక్రేతలు ప్రధానంగా ఆధారపడేది కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పెంచిన చేప మీద. కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల్లో పట్టుబడి అయిన బొచ్చె, శీలావతి అధిక భాగం ఐసు ట్రేలలో లారీలెక్కి హౌరాకు, అస్సాంకు వెళ్తుంది. ధరను శాసించేది ఆ గిరాకీయే. బెంగాల్‌లో దుర్గాపూజల సందడి పెరిగితే పల్నాడులో గంప పెట్టుబడి పెరుగుతుంది. ఆ సంగతి ఇక్కడ గంప ఎత్తే మనిషికి ముందుగా తెలిసే మార్గం లేదు. టోకు మార్కెట్‌కు వెళ్లి అడిగినప్పుడే తెలుస్తుంది. అప్పటికి ఆటో కిరాయి ఖర్చయిపోయి ఉంటుంది. వట్టి చేతులతో తిరిగి రాలేరు.

కిలోకు యాభై.. చేతికి పదమూడు

కొనే వారి దృష్టిలో చేపల వ్యాపారమంటే సగానికి సగం లాభం. టోకున రూ.130 ఉన్న చేపను రూ.180కి అమ్ముతున్నారంటే కిలోకు యాభై రూపాయలు మిగులుతున్నాయని లెక్క కడతారు. ధరలు రోజూ మారేవే కనుక, ఇవే అంకెలను నమూనాగా తీసుకొని ఒక గంపను మొదటి నుంచి చివరి వరకు లెక్కిస్తే అసలు విషయం బయటపడుతుంది.

ముప్పై కిలోలు కొన్నారనుకుందాం. సరుకు విలువ రూ.3,900. ఆటోకు రూ.250, ఐసుకు రూ.150, ఆశీలు, కవర్లు, నీళ్లకు కలిపి రూ.50. మొత్తం పెట్టుబడి రూ.4,350. అంటే కూర్చున్న చోటికి చేరేసరికే కిలో రూ.145 పడింది. నీరు కారిపోవడం వల్ల, తూకంలో మొగ్గు ఇవ్వడం వల్ల ఒక కిలో తరుగు పోయిందనుకుంటే అమ్మకానికి మిగిలేది 29 కిలోలు. పొద్దున్నే ఇరవై కిలోలు రూ.180 చొప్పున అమ్ముడుపోతే రూ.3,600. మధ్యాహ్నానికి ఆరు కిలోలు రూ.150 చొప్పున రూ.900. ఆఖరి మూడు కిలోలు రూ.80 చొప్పున రూ.240. మొత్తం రాబడి రూ.4,740. తెల్లవారుజామున బయలుదేరి సాయంత్రం వరకు కష్టపడితే మిగిలింది రూ.390. కొన్న ప్రతి కిలోకూ పదమూడు రూపాయలు.

ఇరవై తొమ్మిది కిలోలూ ఉదయం ధరకే పోయి ఉంటే రూ.870 మిగిలేది. ఆఖరి మూడు కిలోలు అసలే అమ్ముడుపోక పారబోయవలసి వస్తే మిగులు రూ.150కి పడిపోతుంది. అదే మనిషి, అదే శ్రమ, అదే సరుకు. రూ.870కి, రూ.150కి మధ్య తేడా అంతా మధ్యాహ్నం తరువాత మిగిలిన తొమ్మిది కిలోల చుట్టూ తిరుగుతున్నది. అందుకే అనుభవం ఉన్న విక్రేత మొదటి బేరంలో ఎంత గట్టిగా నిలబడుతుందో, ఆఖరి బేరంలో అంత తొందరగా దిగివస్తుంది. దాన్ని చూసి పొద్దున ఎక్కువ చెప్పిందని నొచ్చుకునేవారు ఉన్నారు గానీ, సాయంత్రపు నష్టాన్ని ఉదయపు ధరలో కొంత కలుపుకోకపోతే ఆమెకు మరుసటి వారం గంప ఎత్తే స్తోమత ఉండదు.

పైగా ఈ రూ.390 నెలకు ముప్పై రోజులూ వచ్చేది కాదు. సోమవారం, గురువారం, శనివారం నీచు ముట్టని కుటుంబాలు ఎన్నో. శ్రావణం వస్తే బేరం మందగిస్తుంది. కార్తీకంలో మరీ పడిపోతుంది. అయ్యప్ప మాలధారణ సంక్రాంతి వరకు సాగుతుంది. ఒక్క మృగశిర కార్తె రోజున మాత్రం ఏడాదిలో ఎన్నడూ చేప ముట్టనివారు కూడా సంచి పట్టుకొని వస్తారు. నెలకు పదమూడు రోజులు గట్టి బేరం జరిగిందనుకున్నా పై లెక్క ప్రకారం వచ్చేది రూ.5,070. ఇంట్లో పత్తితీతకో, మిరప కోతకో వెళ్లే మరో మనిషి లేకపోతే ఈ ఆదాయంతో సంసారం గడవదు.

మిర్చికి చలువ.. చేపకు ఎండ

తొమ్మిది కిలోల నష్టానికి మందు తెలియనిది కాదు. ఐసే మందు. ముప్పై డిగ్రీలకు పైబడిన వేడిలో చేప కొన్ని గంటల్లోనే మెత్తబడి వాసన మొదలవుతుంది. అదే చేపను పట్టిన వెంటనే పొట్ట శుభ్రం చేసి, పగులగొట్టిన ఐసులో పొరలు పొరలుగా పేర్చితే పది రోజులకు పైగా తినడానికి పనికివస్తుంది. మన వాతావరణంలో కిలో చేపకు కిలో ఐసు ఉండాలని మత్స్య సాంకేతిక నిపుణులు చెబుతారు. వేసవి వేడికి రెంటచింతల పేరు రాష్ట్రమంతటా మోగే జిల్లా ఇది. ఇక్కడ తెరిచిన గంప మీద నాలుగు ఐసు ముక్కలు చల్లడం ఐసును ఎండబెట్టడంతో సమానం.

పై నమూనా లెక్కనే మరోసారి చూస్తే ఐసు విలువ తెలుస్తుంది. మూత ఉన్న పెట్టె ఉండి, ఐసుకు మరో వంద రూపాయలు ఖర్చు చేశారనుకుందాం. మధ్యాహ్నం ఆరు కిలోలు గట్టిగా, తాజాగా ఉండి రూ.170 పలికితే రూ.1,020. మిగిలిన మూడు కిలోలను తెగనమ్మకుండా దాచి తరువాత రూ.150 చొప్పున అమ్మితే రూ.450. ఉదయపు రూ.3,600తో కలిపి రాబడి రూ.5,070, పెట్టుబడి రూ.4,450, మిగులు రూ.620. వంద రూపాయల ఐసు రూ.230 అదనంగా తెచ్చిపెట్టింది. చిక్కల్లా ఆదివారం తరువాత వచ్చేది సోమవారం కావడమే. అమరేశ్వరుడి సన్నిధికి ఇంత చేరువలో సోమవారం చేపల బేరం ఆశించలేరు. ఐసు మంగళవారం దాకా నిలవాలి. అంటే ఊళ్లోనే ఐసు దొరకాలి. పట్టణం నుంచి తెచ్చుకునే ఐసు దారిలోనే కొంత కరిగిపోతుంది, దాని కోసం మళ్లీ ఆటో ఎక్కాలి.

శీతల గిడ్డంగులకు ఈ ప్రాంతంలో కొరత లేదన్నది ఇక్కడ గుర్తుచేసుకోవలసిన సంగతి. గుంటూరు చుట్టూ ఉన్న గిడ్డంగులు మిర్చి టిక్కీలతో నిండి ఉంటాయి. కానీ అవి చేపకు ఎందుకూ కొరగావు. మిర్చి రంగు చెడకుండా ఉండటానికి కావలసిన చల్లదనం వేరు. తాజా చేపకు సున్నా డిగ్రీల ఐసు, గడ్డకట్టించి నిల్వ చేయాలంటే మైనస్ 18 డిగ్రీలు కావాలి. పోనీ ఒక మూల పెట్టుకుందామన్నా చేప వాసన తగిలిన మిర్చిని ఏ వ్యాపారీ ముట్టడు.

ఐసు చాలని చోట అడ్డదారి పుడుతుంది. 2018 జూలైలో ఆంధ్రప్రదేశ్ చేపల్లో ఫార్మాలిన్ ఆనవాళ్లు ఉన్నాయంటూ అస్సాం ప్రభుత్వం కొన్నాళ్లు దిగుమతిని నిలిపివేసింది. మరికొన్ని రాష్ట్రాల్లోనూ అదే అలజడి రేగింది. కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించిన, కాగితపు పట్టీతో నిమిషాల్లో కల్తీని పట్టే పరీక్ష అప్పుడే వెలుగులోకి వచ్చింది. పల్లె గంపలో చేప సాయంత్రానికి అమ్ముడుపోవలసిందే కనుక మందు కలపవలసిన అవసరం అక్కడ తక్కువ. అయినా అనుమానపు చూపులు పడేది దూరాన ఉన్న లారీ మీద కాదు, ఎదురుగా కూర్చున్న విక్రేత మీదే.

కోడితో పోటీ

చేపకు గట్టి పోటీదారు బ్రాయిలర్ కోడి. పల్లెపల్లెనా కోళ్ల దుకాణం వెలిసినంత తేలికగా చేపల దుకాణం వెలవకపోవడానికి కారణం రుచి కాదు. కోడి కోసేంతవరకు బతికే ఉంటుంది. ఈ రోజు అమ్ముడుపోకపోతే గుప్పెడు మేత వేసి రేపు అమ్ముకోవచ్చు. పంపిణీదారుడు దుకాణం ముంగిటికే తెచ్చి దించుతాడు. అన్నిటినీ మించి కోడి ధర రోజూ పత్రికల్లో వస్తుంది. కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. చేప ధర టోకు వర్తకుడి ఫోనులో ఉంటుంది.

కొర్రమీనుకు మాత్రం కోడికున్న సుగుణం ఉంది. గాలి పీల్చుకోగలిగిన చేప కనుక తొట్టిలో కొద్దిపాటి నీళ్లున్నా బతుకుతుంది. ప్రాణం ఉన్నంతవరకు ధర దిగదు. కొర్రమీనును బతికుండగానే అమ్మడం మన పెద్దలు ఐసు ఎరుగని రోజుల్లో కనిపెట్టిన నిల్వ పద్ధతి. ఇటీవల బొచ్చె, శీలావతులను కూడా గాలి పంపుతో తొట్లలో బతికించి అమ్మే దుకాణాలు పట్టణాల్లో పెరిగాయి. కరెంటు, నీరు స్థిరంగా ఉన్న చోట అది లాభసాటి. రోడ్డు పక్కన పట్టా పరుచుకునే వారికి అందేది కాదు.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు జనం కోడిని వదిలి చేప, మేక మాంసం వైపు మళ్లారు. అటువంటి వారాల్లో ముప్పై కిలోల స్థానంలో అరవై కిలోలు అమ్ముకోవచ్చు. కానీ అరవై కిలోలకు కావలసిన ఎనిమిది వేల రూపాయలు అప్పటికప్పుడు ఎక్కడి నుంచి వస్తాయి?

వంద రోజుల అప్పు

సమాధానం అందరికీ తెలిసిందే. రోజువారీ ఫైనాన్స్. సాధారణంగా నడిచే పద్ధతి ఇది. కాగితం మీద పదివేలు, చేతికి ముందే రూ.1,500 మినహాయించి రూ.8,500. ఆ తరువాత రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యిన్నరే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే తిరిగి కడుతూ పోవడం వల్ల వంద రోజుల్లో సగటున చేతిలో ఉండే సొమ్ము అందులో సగమే. ఆ లెక్కన చూస్తే ఇది పది రూపాయల వడ్డీకి పైమాటే. పైగా బేరం పదమూడు రోజులైనా కిస్తీ ముప్పై రోజులు కట్టవలసిందే. రూ.5,070లో రూ.3,000 అటే పోతుంది. అందులో అధిక భాగం అసలే అయినా, అసలు తీరిన రోజునే మళ్లీ అప్పు మొదలవుతుంది.

మరోవైపు ఆమెకు రావలసిన బాకీ వేరే ఉంటుంది. పత్తి అమ్మాక ఇస్తామని, కూలి డబ్బులు రాగానే ఇస్తామని తీసుకెళ్లే వారికి అరువు ఇవ్వకపోతే పల్లెలో బేరం సాగదు. పెట్టుబడి మీద రోజు వడ్డీ కడుతూ, కొనుగోలుదారుకు వడ్డీ లేని అరువు ఇవ్వడమన్నది బహుశా ఈ చిరువ్యాపారుల్లోనే చూస్తాం.

సంస్థాగత రుణం లేకపోలేదు. 2018-19 కేంద్ర బడ్జెట్‌లో కిసాన్ క్రెడిట్ కార్డును మత్స్యకారులకు, చేపల రైతులకు విస్తరించారు. సకాలంలో చెల్లిస్తే వడ్డీ నాలుగు శాతమే. అయితే అది చెరువు, వల, పడవ ఉన్నవారిని దృష్టిలో పెట్టుకొని రూపొందించినది. గంప ఒక్కటే ఉన్నవారు ఏ పత్రం చూపాలి? 2020 జూన్‌లో కేంద్రం ప్రారంభించిన పీఎం స్వనిధి వీధి వ్యాపారులకోసమే వచ్చినా, అది పట్టణాలకు ఉద్దేశించిన పథకం. గ్రామ పంచాయతీ పరిధిలో కూర్చునే విక్రేతలు దాని పరిధిలోకి రారు. అదే ఏడాది నవంబరులో రాష్ట్రంలో మొదలైన ‘తోడు’ పథకం గ్రామాల చిరువ్యాపారులకూ పదివేల రూపాయల సున్నా వడ్డీ రుణం ఇప్పించింది. 2024 వరకు విడతలవారీగా నడిచింది. పథకాల పేర్లు ప్రభుత్వాలతో మారిపోవచ్చు. రోజూ తిరిగే ఆ పదివేల అవసరం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఎండుచేప లెక్క వేరు

మిగిలిన చేపను ఎండబెట్టి అమ్ముకోవచ్చు కదా అన్నది తరచూ వినిపించే సలహా. వినడానికి బాగానే ఉంటుంది. సాయంత్రానికి మెత్తబడిన చేపను ఉప్పు వేసి ఎండబెడితే వచ్చేది చవక సరుకే. మంచి ఎండుచేప కావాలంటే మంచి పచ్చిచేపే కావాలి. తాజా చేపలో డెబ్బై నుంచి ఎనభై శాతం నీరే కనుక కిలో ఎండుచేపకు మూడు నాలుగు కిలోల పచ్చిచేప పడుతుంది. నాలుగు కిలోల లెక్కన, రూ.130 విలువైన చేపను ఎండబెడితే సరుకు ఖర్చే రూ.520. ఉప్పు, కూలి, తరుగు కలిపితే ఆరు వందలకు చేరుతుంది. ఆ ధరకు బొచ్చె ఎండు ముక్కలు కొనేవారు ఉండరు. అదే కిలో రూ.60కి దొరికే చిన్న చేపలైతే మూడు వందల్లో ఎండు సరుకు తయారవుతుంది. అందుకే ఎండబెట్టడానికి అనువైనవి పెద్ద మార్కెట్‌లో ధర పలకని పరిగెలు, చిన్న జెల్లలు వంటివే. పచ్చిగా అమ్మితే కూలి గిట్టని చేపే ఎండితే గిట్టుబాటవుతుంది.

పల్నాడు సంతల్లో ఎండుచేపకు గిరాకీ తగ్గిందేమీ లేదు. నెత్తళ్లు, సావిడాయిలు, ఎండు రొయ్యలు తీరం నుంచి మారుబేరగాళ్ల మూటల్లో వస్తాయి. జనవరి నుంచి మిరప కోతలు ఊపందుకుంటే కర్నూలు తదితర ప్రాంతాల నుంచి కూలీలు కుటుంబాలతో దిగుతారు. ఫ్రిజ్ లేని గుడారంలో, ఇరవై రూపాయల్లో, వంకాయతోనో గోంగూరతోనో నలుగురికి కూర అయ్యేది ఎండుచేపే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిలిచిపోయే 61 రోజుల్లో పాత నిల్వలకు ధర పెరుగుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే కృష్ణలో, జలాశయాల్లో నీరు తగ్గి చిన్న చేప వలకు చిక్కుతుంది. ఎండకు ఇక్కడ కొదవ లేదు. అయినా ఈ సంతల్లో ఎండుచేప అంటే తీరం నుంచి వచ్చినదన్న పేరే నిలిచింది.

ఎండబెట్టే విద్య ఈ నేలకు కొత్తదీ కాదు. కల్లంలో మిరపకాయలు ఆరబోసి, మంచు పడకుండా పట్టాలు కప్పి, రంగు చెడకుండా తిరగేసే నేర్పు ప్రతి రైతు కుటుంబానికీ ఉంది. చేపకు కావలసింది అదనంగా కొంచెం. నేల మీద కాకుండా నడుము ఎత్తున వల పరిచిన మంచె, ఈగ వాలకుండా పైన మరో సన్నని వల, మంచి ఉప్పు. ఇసుకలో, రోడ్డు పక్కన ఎండిన సరుకుకూ, మంచె మీద ఎండిన సరుకుకూ ధరలో వచ్చే తేడాతోనే మంచె ఖర్చు తిరిగి వస్తుంది. లక్షల విలువ చేసే సౌరయంత్రాల గురించి ఆలోచించడం దాని తరువాతి సంగతి.

కత్తిపీట సంపాదన

శుద్ధి అనగానే కర్మాగారం గుర్తుకొస్తుంది. పెదకూరపాడు వంటి చోట శుద్ధి అంటే కత్తిపీట, బూడిద, బక్కెట్ నీళ్లు. పొలుసు తీసి, మొప్పలు, పొట్ట తొలగించి, ముక్కలు కోసి ఇవ్వడం. పని ముగించుకొని ఇంటికి వెళ్లే ఉద్యోగికి, అపార్ట్‌మెంట్ సంసారానికి చేప కన్నా ఈ పని విలువ ఎక్కువ. కోసే కూలి కిలోకు ఇంతని విడిగా ఇచ్చేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. సరుకు పాడైతే నష్టం రావచ్చు గానీ కోత కూలికి నష్టం లేదు. ఐసు, ఆటో, వడ్డీ ఏదీ దాన్ని తాకదు. చాలా రోజుల్లో విక్రేత ఇంటికి తీసుకెళ్లే నికరమైన సొమ్ము అదే. బొచ్చె తల విడిగా పులుసుకు అమ్ముడుపోతుంది.

ఇందుకు అడ్డుగా ఉన్నది నీరు. పారే నీరు, గచ్చు, మురుగు పోయే కాలువ ఉంటే అదే మనిషి రెట్టింపు చేపలు కోయగలదు. లేకపోతే పొట్టలు, పొలుసులు పక్కనే పోగుపడి, ఈగలు ముసిరి, ముందు దుకాణాల వారు అభ్యంతరం చెప్పి, చివరకు విక్రేతను మరో మూలకు తరిమే పరిస్థితి. చోటు మారిన ప్రతిసారీ పాత ఖాతాదారులు కొందరు తప్పిపోతారు. ఆ నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

చేపల పచ్చడి, రొయ్యల పచ్చడి తయారీకి మహిళా సంఘాలు అక్కడక్కడ ముందుకు వస్తున్నాయి. కారం ఇక్కడిదే కనుక ఆ వైపు అవకాశం ఉంది. అయితే ఆహార భద్రత నమోదు, సీసాలు, రవాణా వంటివన్నీ కలిసి అది వేరే వ్యాపారం అవుతుంది. రోజు గంపకు అది ప్రత్యామ్నాయం కాదు.

రాయితీ ఎంత దూరం

2020లో రూ.20,050 కోట్ల అంచనాతో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మార్కెటింగ్‌కు రాయితీలు గట్టిగానే ఉన్నాయి. జనరల్ వర్గానికి 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం. దాని మార్గదర్శకాల్లో చేపల కియోస్కుకు యూనిట్ వ్యయం పది లక్షలు, శీతల వాహనానికి పాతిక లక్షలు, ఐసు పెట్టెతో మూడు చక్రాల బండికి మూడు లక్షలు, మోటార్‌సైకిల్‌కు రూ.75 వేలు, సైకిల్‌కు పది వేలుగా నిర్ణయించారు. కియోస్కు కావాలంటే 60 శాతం రాయితీ పోగా మహిళా లబ్ధిదారు భరించవలసింది నాలుగు లక్షలు. ఐసు పెట్టె సైకిల్‌కు నాలుగు వేలు. రోజుకు ముప్పై కిలోల బేరం చేసే మనిషికి ఈ జాబితాలో సరిపడేది చిట్టచివరి అంశమే. ప్రచారంలో మాత్రం కియోస్కు, వాహనమే ముందు కనిపిస్తాయి.

2021 తరువాత రాష్ట్రంలో ‘ఫిష్ ఆంధ్ర’ పేరుతో ఆక్వా హబ్‌లు, వాటికి అనుబంధంగా చిల్లర దుకాణాలు తెరిచే ప్రయత్నం జరిగింది. రొయ్యలు, చేపల ఎగుమతి మీదే ఆధారపడకుండా స్థానిక వినియోగం పెంచాలన్న ఉద్దేశం సరైనదే. 2025 ఆగస్టులో అమెరికా భారత ఉత్పత్తులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల రైతులు పడిన ఆందోళన ఆ ఉద్దేశానికి బలం చేకూర్చింది. కానీ అద్దాల దుకాణానికి అద్దె, కరెంటు బిల్లు, జీతం నెలనెలా తప్పవు. చేప అమ్ముడయ్యేది నెలకు పదమూడు రోజులు. పట్టణంలో ఆ ఖర్చును మోసే బేరం ఉండవచ్చు. మండల కేంద్రంలో రోజువారీ ఖర్చు లేని గంపతో ఆ దుకాణం పోటీపడటం కష్టం. ఉన్న గంపకే మూత, ఐసు, నీరు కల్పించడం అంతకన్నా చవకైన మార్గం.

ఆ మూడింటిలో నీరు, గచ్చు పంచాయతీ చేతిలో ఉన్నవే. సంతలో, రోజువారీ మార్కెట్‌లో ఆశీలు వసూలు చేసుకునే హక్కును పంచాయతీలు ఏటా వేలం వేస్తాయి. గంప దించిన ప్రతి విక్రేతా ఆ సొమ్ము చెల్లిస్తున్నదే. సాధారణంగా ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ముందు ఈ వేలం జరుగుతుంది. చేపలు అమ్మే చోట కుళాయి, అరుగు, మురుగు కాలువ, వ్యర్థాలు వేసే తొట్టి ఏర్పాటును వేలం షరతుల్లో చేర్చడానికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు, పంచాయతీ తీర్మానం చాలు. ఐసు సంగతికి వస్తే, పది మంది విక్రేతలు కలిసి పట్టణం నుంచి ఒకే బండిలో దిమ్మలు తెప్పించుకొని పంచుకుంటే ఆటో ఖర్చు పదో వంతుకు దిగుతుంది. కరిగిపోకుండా దాచే పెద్ద పెట్టె ఒకటి సంఘం పేరిట ఉంటే ఆదివారం మిగిలిన చేప మంగళవారం గంపలోకి గట్టిగానే వస్తుంది.